హోటళ్ళకు సాఫ్ట్‌వేర్ అమ్మే కంపెనీ గుంటూరులో ఉండి పెరగగలదా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ: గుంటూరులో నలుగురు స్నేహితులు కలిసి హోటళ్ళకు రూమ్ బుకింగ్ సాఫ్ట్‌వేర్ తయారుచేశారు. మొదట్లో తెలిసినవాళ్ళ హోటళ్ళు చేరాయి. ఏడాది తిరిగేసరికి కొందరు రెన్యూ చేయలేదు. ఇప్పుడు హైదరాబాద్ మారిపోవాలా అని అడుగుతున్నారు.

మారక్కర్లేదండీ. మీరు ఓనరుగారికి అమ్ముతున్నారు, చిక్కంతా అక్కడే. చెక్కు ఇచ్చేది ఆయనే, కాదనను. రాత్రి పదకొండింటికి మీ స్క్రీన్ ముందు కూర్చునేది మాత్రం రిసెప్షన్ కుర్రాడు. వాడికి నచ్చకపోతే ఓనరుగారికి ఒకే మాట చెబుతాడు, "సార్, ఇది సరిగ్గా పనిచేయట్లేదు" అని. ఓనరుగారు తిరిగి అడగరు. ఏడాదయ్యాక మీ ఫోనూ ఎత్తరు.

నేను బెజవాడ గాంధీనగర్‌లో ఒక లాడ్జీ రిసెప్షన్‌లో పనిచేశాను. ఆ తర్వాత మీలాంటి చిన్న కంపెనీలోనే చేరాను. హోటళ్ళకు వెళ్ళి సిస్టం పెట్టించడం, స్టాఫ్‌కి నేర్పించడం నా పని. అంటే కౌంటర్‌కి లోపలా బయటా నిలబడినవాణ్ణి.

మన లాడ్జీల్లో 24 గంటల చెకౌట్ ఒకటుంది కదా, దాని దగ్గరే చాలా సాఫ్ట్‌వేర్లు బోల్తాపడ్డాయి. 28వ తేదీ తెల్లవారుజామున నాలుగింటికి రైలు దిగి ఒక కుటుంబం వస్తుంది. అమ్మవారి దర్శనం చేసుకుని, పడుకుని, 29న నాలుగింటికి ఖాళీ చేస్తారు. మన రిజిస్టర్లో అది ఒక్క రోజు అద్దె. బుకింగ్ సైట్లకు రోజు లెక్క తెలియదు, రాత్రి లెక్కే తెలుసు. వాటి ప్రకారం ఈ కుటుంబం 27 రాత్రినీ తాకింది, 28 రాత్రినీ తాకింది. ఒక రోజు అద్దె తీసుకున్నందుకు సైట్లో రెండు రాత్రులు మూసుకోవాలి. పైగా ఎక్కడో తయారైన సాఫ్ట్‌వేర్ అర్ధరాత్రి నైట్ ఆడిట్, అంటే ఆ రోజు లెక్కలు ముగించే పని, నడిపి, ఆ బిల్లుకి ఇంకో రోజు అద్దె తనంతట తానే కలిపేస్తుంది. తెల్లవారుజామున ఆటో బయట ఆగి ఉంటుంది, గెస్టు రెండు రోజుల బిల్లు చూసి కేకలేస్తాడు, కుర్రాడు దాన్ని డిస్కౌంట్ అని కొట్టి సరిచేస్తాడు. ఇలా నాలుగుసార్లు జరిగిందంటే వాడు మళ్ళీ లాంగ్‌బుక్ తీస్తాడు. మీకు డేటా రాదు. డేటా రాకపోతే సైట్లో రూముల సంఖ్య తప్పు. ఇక ఉన్న రూములకన్నా ఎక్కువ బుకింగులు, అంటే ఓవర్ బుకింగులు మొదలు.

మేం దీనికి పెద్ద టెక్నాలజీ ఏమీ వాడలేదు. ఓనరుగారితో మాట్లాడి కొన్ని రూములు ఆన్‌లైన్‌కి విడిగా పెట్టించాం. వాటికి మధ్యాహ్నం పన్నెండింటికి చెకౌట్, మిగతావాటికి పాత పద్ధతే. స్క్రీన్ మీద ఒక్కో రూము ఎన్నింటికి ఖాళీ అవుతుందో గంటల్లో చూపించాం. అంతే, గొడవలు సగానికి సగం తగ్గాయి.

ఓవర్ బుకింగ్ అనగానే మీ ఇంజినీర్లు రెండు సైట్ల మధ్య అప్‌డేట్ ఆలస్యమైందంటారు. నేను చూసినవాటిలో ఎక్కువ ఫోన్ బుకింగులవల్ల వచ్చినవే. పెళ్ళివాళ్ళు ముహూర్తం చూసుకుని ఓనరుగారి ఇంటికే వెళ్ళి ఫ్లోర్ మొత్తం మాట్లాడుకుంటారు. ఆయన డైరీలో రాసుకుంటారు. సిస్టంకి ఎవరు చెప్పాలి? దసరాల్లో మూలా నక్షత్రం రోజు, అమ్మవారు సరస్వతీదేవిగా దర్శనమిచ్చే రోజు, కౌంటర్ ముందు నిలబడే చోటుండదు. అప్పుడు కుర్రాడిచేత పది గడులు నింపించలేరు. మేం వాడిన మొదటి సాఫ్ట్‌వేర్‌లో గెస్టు ఈమెయిల్ తప్పనిసరి. ప్రతి గెస్టుకీ లాడ్జీ మెయిలే కొట్టేవాళ్ళం. ఆ కంపెనీ దగ్గర మా లాడ్జీ మెయిల్ ఎన్ని వేలసార్లు ఉందో దేవుడికే తెలియాలి! రూము నంబరు, గెస్టు పేరు, ఫోను. ఈ మూడూ కొట్టగానే అన్ని సైట్లలో ఒక రూము తగ్గిపోవాలి. ఐడీ ప్రూఫూ చిరునామా రద్దీ తగ్గాక చూసుకుంటారు.

ఇంకో సంగతి చెబుతాను. 2025 సెప్టెంబర్ 22న హోటల్ రూముల జీఎస్టీ మారింది. రోజుకి 7,500 దాకా ఉన్న రూములకు ఇన్‌పుట్ క్రెడిట్‌తో (హోటల్ తాను కొన్నవాటి మీద కట్టిన పన్నును తగ్గించుకునే వీలుతో) 12 శాతం ఉండేది, క్రెడిట్ లేకుండా 5 శాతం అయింది. సరిగ్గా అదే రోజు ఇంద్రకీలాద్రి మీద దసరా ఉత్సవాలు మొదలయ్యాయి. రూములన్నీ నిండుగా ఉన్నాయి, ముందే డబ్బు కట్టిన బుకింగులున్నాయి, ఏ బిల్లుకి ఏ రేటు వేయాలని ఫోన్ల మీద ఫోన్లు. ఆ అర్ధరాత్రి రేటు మార్చి, తెలుగులో నాలుగు లైన్ల మెసేజ్ పెట్టిన కంపెనీని స్టాఫ్ మర్చిపోలేదు. టికెట్ రెయిజ్ చేయండి, నలభై ఎనిమిది గంటల్లో స్పందిస్తాం అన్న కంపెనీనీ మర్చిపోలేదు, అది వేరే రకంగా.

రిసెప్షన్ కుర్రాడి గురించి ఇంత చెప్పడానికి ఇంకో కారణముంది. ఈ ఉద్యోగంలో ఎవరూ ఒకచోట ఉండరు. బస్టాండ్ దగ్గర చేసినవాడు బెంజ్ సర్కిల్ హోటల్‌కి వెళ్తాడు, తర్వాత తిరుపతిలోనో వైజాగ్‌లోనో మేనేజర్ అవుతాడు. చేరిన వారానికే "సార్, మేం అక్కడ ఫలానాది వాడేవాళ్ళం, బాగుంటుంది" అంటాడు. మాకు కొత్త హోటళ్ళు ఎక్కువగా వచ్చింది ఇలాగే. ప్రకటనలకు పెట్టిన డబ్బు దండగ.

ఊరు చిన్నదని బెంగపడకండి. ఈజీ టెక్నోసిస్ అని ఒక కంపెనీ ఉంది, 2005లో సూరత్‌లో మొదలైంది. హోటల్ సాఫ్ట్‌వేర్ చేస్తూ చాలా దేశాలకు వెళ్ళింది, 2019లో కొరియా కంపెనీ యనోల్జా దాన్ని కొంది. సూరత్ అంటే చీరలూ వజ్రాలూ, సాఫ్ట్‌వేర్ నగరమేమీ కాదు. రేట్‌గెయిన్ దారి వేరు. 2004లో భాను చోప్రా పెట్టిన ఆ కంపెనీ పక్క హోటళ్ళ రేట్లు పోల్చి చూపించే పనితో ఎదిగింది, 2018లో డిస్కో అనే అమెరికా కంపెనీని కొంది, 2021 డిసెంబర్‌లో షేర్ మార్కెట్‌కి వచ్చింది. పెద్ద హోటల్ చైన్లు, కంపెనీల కొనుగోళ్ళు. చదువుకోవడానికి బాగుంటుంది కానీ, గుంటూరు అరండల్‌పేట లాడ్జీకి అమ్మేవాళ్ళు ఆ దారి పట్టుకోవాలని నాకనిపించదు.

ధర సంగతి త్వరగా చెప్పేస్తాను. నెలనెలా అంటే మన ఓనర్లకు అద్దె కట్టినట్టు ఉంటుంది, ఏడాదికి ఒకసారి తీసుకోండి. బుకింగ్‌కి ఇంత కమీషన్ అని అసలు వద్దు. బుకింగ్ సైట్ల కమీషన్ చూసి ఇప్పటికే మండిపోయి ఉన్నారు. 2022 అక్టోబర్‌లో కాంపిటీషన్ కమిషన్ మేక్‌మైట్రిప్-గోఐబిబోకీ ఓయోకీ జరిమానా వేసింది. హోటల్ తన రేటును ఇంకోచోట తగ్గించకూడదన్న మేక్‌మైట్రిప్-గోఐబిబో షరతును కూడా తప్పుపట్టింది. మీ సాఫ్ట్‌వేర్‌తో హోటల్ సొంత బుకింగ్ పేజీ కూడా ఇస్తుంటే ఈ సంగతి ఓనరుగారికి చెప్పండి, కుర్చీలో ముందుకు జరిగి వింటారు.

గుంటూరు వరకు అయితే నేను బుకింగ్ సైట్ల మాటే ముందు ఎత్తను. మిర్చి సీజన్లో యార్డుకి వచ్చే వ్యాపారులు ఏటా అదే లాడ్జీకి ఫోన్ చేసి దిగుతారు. కొత్తపేట ఆసుపత్రులకు పేషెంట్‌తో వచ్చినవాళ్ళు రెండు రోజులని చెప్పి వారం ఉంటారు. ఇక్కడ లాడ్జీకి కావాల్సింది ఎవరి దగ్గర ఎంత బాకీ ఉందో, ఎవరు ఇంకో రోజు పొడిగించారో ఫోన్‌లో కనబడటం. అది ఇస్తే చాలు, చేరతారు. దర్శనానికి వచ్చే జనం, ముక్కూమొహం తెలియని ఆన్‌లైన్ గెస్టులు బెజవాడలో ఎక్కువ, చానల్ మేనేజర్, అంటే అన్ని సైట్లలో రూముల సంఖ్యను ఒకేసారి మార్చే సాఫ్ట్‌వేర్, అక్కడ అమ్మండి.

దసరాకి నెల ముందు మాత్రం ఏ బెజవాడ హోటల్‌లోనూ కొత్త సిస్టం పెట్టకండి. ఓనరుగారు తొందరపెట్టినా సరే, పండగ అయ్యాక వస్తామని చెప్పండి. కృష్ణా పుష్కరాలు 2016 ఆగస్టులో జరిగాయి, మళ్ళీ 2028లో. వాటికి సిద్ధంగా ఉండాలంటే ఒక దసరా, ఒక పెళ్ళిళ్ళ సీజన్ ఆ స్టాఫ్ మీ స్క్రీన్ మీద పనిచేసి ఉండాలి.