గ్యాంట్రీకి రిమోటు బిగించబోతున్న అల్లుడికి

చిరంజీవి అల్లుడికి మావయ్య ఆశీస్సులు.

టెక్కలి దగ్గర గ్రానైటు యార్డులో గ్యాంట్రీకి, అంటే పట్టాల మీద నడిచి బ్లాకులెత్తే క్రేనుకి, రేడియో రిమోటు బిగించే పని నీకు అప్పజెప్పారని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. సంతోషించాను. ఆ రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు. ఎందుకో కింద రాస్తాను. రిమోటు అమ్మినవాడు పూట పని అంటాడు. ఓనరు గంటకోసారి వచ్చి "ఏటి బాబూ, ఇంకా అవ్వలేదా?" అంటాడు. నువ్వు మాత్రం రెండు రోజులు అడుగు. మన రాయి ఒక ఘనమీటరు 2.7 టన్నుల దాకా తూగుతుంది, మీ బ్లాకులు 6, 7 ఘనమీటర్లవి. అంత బరువు దగ్గర పూటా రెండు పూటలూ లెక్కలోకి రావు.

రిమోటు సిగ్నల్ అందుకునే రిసీవరు మూత తియ్యగానే పైకి, కిందికి, ముందుకి, వెనక్కి అని రాసున్న రిలేల (కరెంటుతో పనిచేసే చిన్న స్విచ్‌ల) మీదకే కన్ను పోతుంది. వాటి జోలికి అప్పుడే పోకు. ముందు స్టాప్ రిలేలు ఎక్కడున్నాయో చూడు. మంచి రిసీవర్లలో అవి రెండుంటాయి, సిరీస్‌లో. నువ్వు వేసే మొదటి వైరు ఆ రెండిటి గుండా మెయిన్ కాంటాక్టరుని (మోటార్లన్నిటికీ కరెంటు ఇచ్చే పెద్ద స్విచ్) ఆన్ చేసే కాయిల్‌కి వెళ్లాలి. ఎర్ర బటన్ నొక్కినా, బ్యాటరీ అయిపోయినా, సిగ్నల్ తెగినా ఆ రిలేలు పడిపోవాలి, అంటే ఆఫ్ అయిపోవాలి. వాటితో మెయిన్ కాంటాక్టరు కూడా పడిపోవాలి, మోటార్లకి కరెంటు పోవాలి, స్ప్రింగు బ్రేకు పట్టెయ్యాలి. బ్రేకు కాయిల్‌కి సప్లై కూడా మెయిన్ కాంటాక్టరు దాటాకే తీసుకో. బ్లాకుని ఎత్తే హాయిస్టు మోటారు కాంటాక్టరు పాయింట్లు ఏదో ఒకనాడు అతుక్కుపోతాయి. ఆ రోజు బటన్ వదిలినా బ్లాకు పైకి పోతూనే ఉంటుంది, దాన్ని ఆపగలిగేది మెయిన్ కాంటాక్టరే. ప్యానెల్ మీదున్న స్టాపు, క్రేను నుంచి వేలాడే పాత బటన్ల పెట్టె, అదే పెండెంటు, దాని స్టాపు కూడా అదే వరసలో ఉండాలి. రిమోటుకీ పెండెంటుకీ మధ్య తాళంచెవి సెలెక్టర్ పెట్టు, ఏ సమయంలోనైనా ఒకటే పనిచెయ్యాలి.

ఇప్పుడు నా నిద్ర చెడగొట్టిన సంగతి. చాలా ఏళ్ల క్రితం ఒక యార్డులో ఇలాంటి పనే చేశాను. పాత ప్యానెల్లో ఫేజు నేరుగా కాయిళ్లకి వెళ్లి, పెండెంటు బటన్లు న్యూట్రల్ వైపు ఉండేవి. మార్చాలంటే వైర్లన్నీ మళ్లీ లాగాలి. బద్ధకించి రిసీవరు రిలేలని కూడా అక్కడే కలిపేశాను. పైగా వైర్లు ఒరుసుకోకుండా కన్నానికి బిగించే గ్లాండు పెట్టకుండా రేకు కన్నంలోంచి వైర్లు లాగాను. క్రేను అదురుకి రేకు అంచు ఒక వైరు ఇన్సులేషన్‌ని కోసేసింది. ఒక వానరోజు రాగి బాడీకి తగిలింది, న్యూట్రల్ కూడా ఎర్తే కదా, కాయిల్‌కి దారి దొరికింది. ఎవరూ ఏ బటనూ నొక్కలేదు. హుక్కు దానంతటదే పైకి లేచింది. బ్లాకుకి కట్టే స్లింగు సర్దుతున్న కుర్రాడి రెండు వేళ్లు పోయాయి. ఆపరేటరు ఎర్ర బటన్ నొక్కాడు, స్టాపు వైరు ఒక్కటి ఫేజు వైపు వేసుండబట్టి అక్కడితో ఆగింది. ఆ వైరింగు నాది, అల్లుడూ. ఆ కుర్రాడు ఇప్పటికీ బజార్లో కనిపిస్తే పలకరిస్తాడు.

అందుకని 110 వోల్టుల కంట్రోల్ ట్రాన్స్‌ఫార్మరు సెకండరీ (110 వోల్టులు బయటికొచ్చే వైపు) ఒక కొస ఎర్త్ చెయ్యి. కాయిళ్ల రెండో కొసలన్నీ నేరుగా దానికే కట్టు. ఫ్యూజు, రిలేలు, హుక్కు కొసకి చేరగానే ఆపే లిమిట్ స్విచ్‌లు, మోటారు మీద భారం ఎక్కువైతే ఆపే ఓవర్‌లోడ్ పాయింట్లు, అన్నీ ఫేజు వైపే. అప్పుడు వైరు ఎక్కడ బాడీకి తగిలినా ఫ్యూజు పోతుంది, క్రేను కదలదు. స్లింగు కడుతున్నంతసేపూ ఎర్ర బటన్ నొక్కే ఉంచమని ఆపరేటరుకి గట్టిగా చెప్పు.

లిమిట్ స్విచ్‌ని రిమోటు దాటిపోకూడదు. రిసీవరు రిలే దాటాక వైరు లిమిట్ గుండానే కాయిల్‌కి వెళ్లాలి. పైకి, కిందికి కాంటాక్టర్లు రెండూ ఒకేసారి ఆన్ అవ్వనివ్వని ఇంటర్‌లాక్ తియ్యొద్దు. కాయిల్ ఆగేటప్పుడు ఎగసే వోల్టేజిని అణిచే సర్జ్ సప్రెసర్లు కాయిళ్లకి పెట్టకపోతే రిసీవరు రిలే పాయింట్లు తొందరగా కాలిపోతాయి. రిసీవరుకి ఏ వోల్టేజి ఇవ్వాలో లేబుల్ మీద చదివి, మీటరుతో కొలిచాకే కలుపు. యాంటెన్నా ఇనప ప్యానెల్ లోపల ఉంటే సిగ్నల్ అందదు. బయట పెట్టు, మోటారు వేగం మార్చే డ్రైవు నుంచి మోటారుకి పోయే కేబుల్‌కి దూరంగా. మన దేశంలో లైసెన్సు అక్కర్లేని 865–868 మెగాహెర్ట్జ్ లాంటి బ్యాండుదే కొనమను. పక్క యార్డులో అదే కంపెనీ రిమోటు ఉంటే రెండిటి కోడూ వేరని స్వయంగా చూసుకో.

పని మొదలెట్టే ముందు బ్లాకు నేల మీద దించించు. నేల మీదున్న ఐసోలేటరు (సప్లై మొత్తం తెంచే స్విచ్) ఆపి తాళం వేసి, తాళంచెవి నీ జేబులో పెట్టుకో. క్రేను మీది ఐసోలేటరు ఒక్కటే ఆపితే దాని పైపక్క టెర్మినళ్లలో కరెంటు అలాగే ఉంటుంది. డ్రైవు ఉంటే కెపాసిటర్లు ఖాళీ అయ్యేదాకా, దాని మీద రాసినన్ని నిమిషాలు ఆగి, మళ్లీ కొలువు.

తర్వాత మోటారు ఫ్యూజులు తీసి, కంట్రోలు మాత్రం ఇచ్చి, ఒక్కో బటనుకి ఏ కాంటాక్టరు ఆన్ అవుతోందో చూసుకో. ఆపైన బరువు లేకుండా నడుపు. నడుస్తుండగా రిమోటు బ్యాటరీ లాగెయ్, ఆగాలి. ఏదైనా బటన్ నొక్కిపట్టి రిమోటు ఆన్ చెయ్, క్రేను కదలకూడదు. 12 నెలలకోసారి కాంపిటెంట్ పర్సన్, అంటే ప్రభుత్వం గుర్తించిన తనిఖీదారు, క్రేనుని పరీక్షించాలని 2025 దాకా ఉన్న ఫ్యాక్టరీల చట్టం 29వ సెక్షన్ చెప్పేది. ఇంత మార్పు చేశాక ఏడాది నిండేదాకా ఆగకుండా ఇప్పుడే పిలిపించమని ఓనరుతో చెప్పు. పట్టాల దగ్గర మనుషులు పనిచేస్తుంటే క్రేను వాళ్లకి 6 మీటర్ల లోపు రాకూడదన్న మాట కూడా అదే సెక్షన్లో ఉండేది.

ఈ పరీక్షలకి ముందే డ్రాయింగు గీసి, వైర్ల కొసలకి ఫెరూల్ నంబర్లు (నంబరు ఉంగరాలు) వేసి, ఫోటో తీసి నాకు పంపు. నేను చూసేదాకా పవరు ఇవ్వకు. ఆదివారం పొద్దున్న బస్సుకి వస్తాను, బ్లాకు ఎత్తి చూసేటప్పుడు నీ పక్కనే ఉంటాను.

మీ మావయ్య