గుండె దడ గురించి కాదు, ఆ బాకీ గురించి మాట్లాడుకుందాం

ప్రశ్న: మాది హనుమకొండ. నాకు 46 ఏళ్లు. పిల్లలిద్దరూ హైదరాబాద్‌లో ఉద్యోగాల్లో స్థిరపడ్డాక, నిరుడు మా తోడికోడలితో కలిసి ఇంటి ముందు గదిలో కర్రీ పాయింట్ పెట్టాను. బేరాలు బాగానే ఉన్నాయి. కానీ రోజూ పదకొండు దాటేసరికి గుండె దడదడలాడుతుంది, అరచేతులకు చెమట పడుతుంది. మూడింటికల్లా అంతా సర్దుకుంటుంది. మావారు ఆఫీసు నుంచి ఫోన్ చేసి "కంగారు పడకు, ప్రశాంతంగా ఉండు" అంటారు. ఈ వయసులో ఇంత టెన్షన్ ఎందుకు, మూసెయ్యమని ఆయనా పిల్లలూ పట్టుబడుతున్నారు. ఈ మధ్య రాత్రిళ్లు నిద్ర కూడా పట్టడం లేదు. మా ఆడపడుచు భర్త నయీంనగర్‌లో నడిపే హాస్టల్‌కు కూరలు పంపుతున్నాం, ఆ డబ్బూ కొన్ని నెలలుగా రాలేదు. మూసెయ్యడమే మంచిదంటారా?
– ఒక సోదరి

జవాబు: దడ వస్తోందన్న ఒక్క కారణంతో మాత్రం మూసెయ్యకండి. మీ ఉత్తరంలో రెండు వేర్వేరు ఒత్తిళ్లు కనిపిస్తున్నాయి. ఇంట్లోవాళ్లు రెండింటినీ ఒకే గాటన కట్టేశారు.

మొదటిది పదకొండు గంటలది. గిరాకీ మొదలవుతుందనగానే శరీరం అడ్రినలిన్‌ను విడుదల చేస్తుంది. గుండె వేగం పెరిగి కండరాలకు రక్తం ఎక్కువగా అందుతుంది, కాలేయం దాచుకున్న చక్కెరను వదులుతుంది, ధ్యాస పదునెక్కుతుంది. పప్పుచారు కవరుకు రబ్బరు బ్యాండు చుడుతూనే, వెనక బాణలిలో బెండకాయ వేపుడు అడుగంటుతోందని వాసన పట్టి తోడికోడలికి కేక వేయగలగడం ఆ పదును వల్లే. పనితో వచ్చి పనితోనే దిగిపోయే ఒత్తిడి మేలే చేస్తుంది. ఒత్తిడి మీద 1936లోనే పరిశోధన ప్రచురించిన హాన్స్ సెల్యే కూడా తర్వాతి కాలంలో మేలు చేసే ఒత్తిడిని, కీడు చేసే ఒత్తిడిని విడదీసి చెప్పాడు.

మీవారి ఫోన్ వెనక ఉన్నది ప్రేమే, అనుమానం లేదు. కాకపోతే పరుగు మధ్యలో ఉన్న మనిషిని ప్రశాంతంగా ఉండమంటే అదో కొత్త పని అప్పగించినట్టే. హార్వర్డ్ బిజినెస్ స్కూల్‌కు చెందిన ఆలిసన్ వుడ్ బ్రూక్స్ 2014లో కొన్ని ప్రయోగాల ఫలితాలు ప్రచురించారు. ప్రసంగించబోయే ముందు "ప్రశాంతంగా ఉన్నాను" అని చెప్పుకున్నవారి కంటే "ఉత్సాహంగా ఉన్నాను" అని పైకి చెప్పుకున్నవారు బాగా మాట్లాడారు. మీరూ దడ మొదలవగానే "సరే, గిరాకీకి సిద్ధమవుతున్నాను" అనుకుని చూడండి. ఆ వేళలో ఫోన్ వద్దని, వీలైతే ఆదివారం వచ్చి కవర్లు కట్టిపెట్టమని ఆయనకు చెప్పండి.

ఇంకో సంగతి. 1908లో యెర్క్స్, డాడ్సన్ అనే ఇద్దరు ఎలుకల మీద చేసిన ప్రయోగంలో, తేలిక పనికి ఒత్తిడి పెరిగినా నష్టం లేకపోయింది. చిక్కు పని మాత్రం మితిమీరిన ఒత్తిడికి చెడిపోయింది. కూర వడ్డించి కట్టడం మీకు చేతికి అలవాటైన పని కాబట్టి హడావిడిలోనూ సాగిపోతుంది. లెక్కలు అలా కాదు. సరుకుల చిట్టా, ఖాతాల పుస్తకం పన్నెండింటి రద్దీలో ముట్టుకోకండి, మూడు దాటాక కూర్చోండి.

ఇక రెండోది. నిద్ర పట్టని సంగతీ, హాస్టల్ బాకీ సంగతీ మీరు పక్కపక్కనే రాసి, వెంటనే కొట్టు మూసెయ్యడం గురించి అడిగారు. మిమ్మల్ని తింటున్నది ఈ బాకీయేనని నా అనుమానం. పనికి సాయంత్రమనేది ఉంటుంది. ఇంటి అల్లుడిని డబ్బు అడగలేని మొహమాటానికి అది లేదు, పడుకున్నాక కూడా వెంటే ఉంటుంది. కొట్టు మూస్తే ఆ మొహమాటం దాటాల్సిన అవసరం మీవారికీ తప్పుతుంది. ఆయన పట్టుదలలో అదెంతో నేను చెప్పలేను, మీరే అడిగి చూడండి.

అడగాల్సింది కూడా ఆయనే. బావగారితో మాట ఆయన నోటి నుంచి వస్తేనే బంధుత్వం నిలుస్తుంది. పండగకో పెళ్లికో కలిసినప్పుడు నలుగురిలో కాకుండా, ఇద్దరే ఉన్నప్పుడు, ఇప్పటిదాకా ఎంతయిందో కాగితం మీద రాసి చూపించాలి. పాత బాకీకి నెలనెలా వాయిదా, కొత్త కూరలకు ఏ రోజు డబ్బు ఆ రోజే. ఒప్పుకోకపోతే పంపడం ఆపండి. ఆడపడుచు నాలుగు రోజులు ముఖం ముడుచుకోవచ్చు. ముడుచుకోనివ్వండి.

ఈలోగా ఒకసారి వైద్యులను కలిసి బీపీ, షుగర్, థైరాయిడ్ చూపించుకోండి, ఒక ఈసీజీ తీయించుకోండి. నెలసరి ఆగిపోయే వయసు దగ్గరపడుతున్నప్పుడు కూడా దడ, నిద్రలేమి వస్తాయి, ఆ మాటా వారితో చెప్పండి. ఛాతీలో నొప్పి, ఆయాసం, ఎడమ చేతికో దవడకో లాగుతున్నట్టు ఉండటం వంటివి వస్తే గిరాకీ సంగతి మరిచి వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. బాకీ సంగతి తేలాక కూడా నిద్ర కుదరకపోతే, ప్రభుత్వం నడిపే మానసిక ఆరోగ్య సహాయవాణి టెలిమానస్ 14416కు ఫోన్ చేయవచ్చు. ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు.