పాత కీబోర్డుకు బ్యాటరీ మారిస్తే ప్యాచ్‌లు పోతాయా?

ప్రశ్న: నా దగ్గర రోలాండ్ ఎక్స్‌పీ-80 మ్యూజిక్ కీబోర్డు ఉంది. ఆన్ చేయగానే బ్యాటరీ అయిపోయిందంటోంది. ఫ్లాపీలు సరిగా చదవడం లేదు. నాలుగైదు కీలు ఒకసారి పలకవు, ఇంకోసారి గట్టిగా మోగుతాయి. బాగు చేయించనా, అమ్మేయనా?
– ఒక పాఠకుడు, గాజువాక, విశాఖపట్నం

జవాబు: మూడూ వేర్వేరు రోగాలండీ, మూడింటికీ మందుంది. అయితే బ్యాటరీ మీద ఇప్పుడే చెయ్యి వేయకండి. 1996 నాటి ఈ వర్క్‌స్టేషన్‌లో మీరు తయారుచేసుకున్న ప్యాచ్‌లను, అంటే దాచుకున్న శబ్దాల సెట్టింగులను, నిలబెట్టేది లోపలి 3 వోల్టుల సీఆర్2032 కాయిన్ బ్యాటరీయే. అది తీస్తే అవీ పోతాయి. సీక్వెన్సర్‌లో, అంటే వాయించింది రికార్డు చేసే భాగంలో, ఉన్న పాటలకైతే ఆ భరోసా కూడా లేదు, పవర్ ఆపితేనే చెరిగిపోతాయి.

కాబట్టి ముందు యూఎస్‌బీ మిడి ఇంటర్‌ఫేస్ (కీబోర్డును కంప్యూటర్‌కు కలిపే కేబుల్) పెట్టి, ప్యాచ్‌లను మిడి ఔట్ ద్వారా కంప్యూటర్‌లోకి డంప్ చేయండి, అంటే కాపీ తీసుకోండి. చవకరకం కేబుళ్లు పొడవైన డేటాను మధ్యలో మింగేస్తాయి. అందుకే రెండుసార్లు తీసి, ఫైళ్ల సైజు ఒకటేనా చూడండి. తేడా ఉంటే ఆ కేబుల్ పక్కన పడేయాల్సిందే.

ఇక ప్లగ్ పీకి బ్యాటరీ మార్చవచ్చు. పాతది హోల్డర్‌లో కాక సోల్డర్ చేసి ఉంటే, కాళ్లున్న బ్యాటరీ అడిగి కొనండి. మామూలు దానికి నేరుగా సోల్డరింగ్ పెడితే వేడికి పాడవుతుంది, పేలనూవచ్చు. తర్వాత ఫ్యాక్టరీ రీసెట్ చేసి, డంప్ తిరిగి ఎక్కించండి.

కీల సంగతి: ఒక్కో కీ కింద రెండు కాంటాక్టులుంటాయి. మొదటిది తగిలాక రెండోది తగలడానికి పట్టే సమయాన్ని బట్టే శబ్దం ఎంత గట్టిగా రావాలో తేలుతుంది. ఒకదానికి మట్టి పట్టినా లెక్క తప్పుతుంది. మన సముద్రపు గాలిలో ఇది మామూలే. రబ్బరు పట్టీలు తీసి, 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో నల్లటి కార్బన్ చుక్కల్నీ, బోర్డునూ మెత్తగా తుడవండి. గట్టిగా రుద్దితే కార్బన్ ఊడుతుంది. తుప్పు వదిలించే నూనె స్ప్రే మాత్రం కొట్టకండి.

ఫ్లాపీ డ్రైవ్ హెడ్ తుడిచినా, వేరే డిస్కు పెట్టినా చదవకపోతే ఫ్లాపీకి బదులు పెన్‌డ్రైవ్ చదివే యూఎస్‌బీ ఎమ్యులేటర్ వేయించండి. 34 పిన్నుల కేబుల్ తిరగబడితే ఎమ్యులేటర్ లైటు ఆరకుండా వెలుగుతూనే ఉంటుంది, భయపడక తిప్పి పెట్టండి. అప్పటికీ చదవకపోతే ఎమ్యులేటర్ మీది డ్రైవ్ సెలెక్ట్ జంపర్ (పిన్నులను కలిపే చిన్న తొడుగు) మార్చి చూడండి.

అమ్మకం గురించి: 64 స్వరాలు ఒకేసారి పలికే, 16 ట్రాకుల సీక్వెన్సర్ ఉన్న యంత్రం ఇది. రిపేరు చేయకుండా అమ్మితే స్క్రాప్ ధరే పలుకుతుంది. బాగుచేశాక దాన్ని వదులుకోబుద్ధి కాదేమో చూసుకోండి.