ఆల్ప్స్‌లో మొదటి ఆఫ్-పిస్ట్ స్కీయింగ్ కోర్సుకి ఏ రిసార్ట్ మంచిది?

చదును చేసిన ట్రాక్‌లు దాటి స్కీయింగ్ చేయడం (ఆఫ్-పిస్ట్) మీకు ఇదే మొదటిసారైతే, స్విట్జర్లాండ్‌లోని వెర్బియే గానీ ఆస్ట్రియాలోని సాంక్ట్ ఆంటోన్ గానీ చూడండి. గుర్తులు పెట్టి, మంచుచరియల ప్రమాదం చూసుకుని తెరిచే దారులు రెండు చోట్లా ఉన్నాయి. మెషీన్‌తో మాత్రం చదును చేయరు. నేర్చుకునేవాళ్లకి కావలసింది సరిగ్గా అదే.

ఫ్రాన్స్‌లోని షామోనీ పేరు చూసి తొందరపడొద్దు. అక్కడ 3,842 మీటర్ల ఎగువీ దు మిదీ శిఖరం నుంచి మొదలయ్యే వాలే బ్లాంష్ అనే స్కీయింగ్ దారి దాదాపు 20 కి.మీ., అందులో చాలా భాగం పగుళ్లున్న హిమానీనదం. గైడ్ ఉన్నా కొత్తవాళ్లకి టెన్షనే. అంతకంటే కష్టమైన ఫ్రెంచ్ రిసార్ట్ లా గ్రావ్ ఇంకా తర్వాతి మాట.

కోర్సులో బీకన్ (సిగ్నల్ పంపే, పట్టుకునే పరికరం), పార, ప్రోబ్ (మంచులో గుచ్చి వెతికే పొడవాటి కడ్డీ) ఇవ్వడమే కాదు, వాటితో మంచులో కూరుకుపోయినవాళ్లను వెతకడం నేర్పుతారా అని ముందే అడగండి. మంచుచరియల ప్రమాద సూచిక 5 వరకు ఉంటుంది. 3 అంటే మధ్యస్థమే కదా అనుకోకండి, చాలా మరణాలు ఆ రోజుల్లోనే జరుగుతాయి.