స్పెల్ చెక్ చేశాక కూడా ఇంగ్లిష్ తప్పులు ఎందుకు మిగులుతాయి?

హనుమకొండ డీటీపీ సెంటర్లలో బ్రోచర్లు, బిల్లుబుక్కులు కొట్టేవాళ్లకు తరచూ వచ్చే సందేహమే ఇది. ఎర్రగీత డిక్షనరీలో లేని మాట కిందే పడుతుంది. 'స్టేషనరీ'కి ఉన్న రెండు స్పెల్లింగులూ డిక్షనరీలో ఉన్నవే. చివర ఇ-ఆర్-వై ఉంటే కాగితాలు, పెన్నులు. ఏ-ఆర్-వై ఉంటే కదలకుండా ఉన్నది. షాపు బోర్డుకు మొదటిదే రాయాలి.

మనవాళ్లు ఎక్కువగా పొరబడేది 'లూజ్' దగ్గర. పోగొట్టుకోవడానికి ఒకే ఓ, వదులుగా ఉన్నదానికి రెండు ఓలు. రెండోదాన్ని ఇంగ్లిష్‌వాళ్లు 'లూస్' అంటారు. మనం రెండింటినీ లూజ్ అనే పలుకుతాం కాబట్టి, పైకి చదివితే తప్పు దొరకదు, అక్షరాలు లెక్కపెట్టాల్సిందే.

'ఇట్స్' కనిపిస్తే 'ఇట్ ఈజ్' లేదా 'ఇట్ హ్యాజ్' అని విడదీసి చదవండి. వాక్యం కుదిరితేనే అపాస్ట్రఫీ ఉండాలి.

సలహాకు 'అడ్వైస్', చివర సి-ఇ. సలహా ఇవ్వడానికి 'అడ్వైజ్', ఎస్-ఇ. 'ప్రాక్టీస్' కూడా బ్రిటిష్ పద్ధతిలో ఇంతే. అమెరికన్ పద్ధతిలో 'ప్రాక్టీస్'ను ఏ అర్థంలో వాడినా సి-ఇనే.

చివరి ప్రూఫ్‌లో కంట్రోల్ ఎఫ్ నొక్కి ఒక్కో జంటనూ విడిగా వెతకండి. 'రీప్లేస్ ఆల్' మాత్రం వద్దు, సరిగ్గా ఉన్నవీ మారిపోతాయి.