గంటన్నర కూర్చున్నా నిర్ణయం రావడం లేదా?

ప్రశ్న: మా టీమ్‌లో 12 మందిమి. ప్రతి సోమవారం గంట మీటింగ్ అనుకుంటాం, గంటన్నర దాటుతుంది. చివరికి "వచ్చే వారం చూద్దాం" అని లేస్తాం. అజెండా ముందే పంపుతున్నాను. లోపం ఎక్కడండీ?
– ఒక టీమ్ లీడర్

జవాబు: ముందు అజెండా రాసే తీరు చూసుకోండి. "కస్టమర్ ఫిర్యాదులు" అని రాస్తే దాని గురించి ఎంతసేపైనా మాట్లాడొచ్చు, ఎక్కడ ఆపాలో ఎవరికీ తెలియదు. "ఫిర్యాదులకు 24 గంటల్లో జవాబివ్వాలంటే శనివారం డ్యూటీ ఎవరికి వేయాలి?" అని రాయండి. జవాబు దొరకగానే ఆ అంశం ముగుస్తుంది. ప్రశ్నగా రాయడం కుదరలేదంటే అది ఇంకా మీటింగ్ దాకా రావలసిన విషయం కాదు.

ప్రతి ప్రశ్న పక్కన నిమిషాలు, ముందుగా చదవాల్సిన కాగితం, నిర్ణయం ఎవరిదన్నదీ రాయండి. చాలాచోట్ల ఈ చివరిది వదిలేస్తారు. అందరూ ఒప్పుకోవాలా, మేనేజర్ అందరి మాటా విని తేలుస్తారా అన్నది తెలియనప్పుడు వాదన సాగుతూనే ఉంటుంది. నిర్ణయించాల్సిన మనిషి ఆ రోజు రాకపోతే ఆ అంశం ఎత్తకండి. "వచ్చే వారం చూద్దాం" అన్న మాట ఎక్కువగా పుట్టేది ఇక్కడే.

ఇక ఎవరు ఏ పని చేశారో చెప్పించడం. 12 మంది తలా 4 నిమిషాలు చెబితే 48 నిమిషాలు అక్కడే పోతాయి, చర్చకు మిగిలేది 12. ఆ వివరం శుక్రవారం సాయంత్రానికి తలా మూడు వాక్యాల్లో రాయించండి: ఏం పూర్తయింది, ఏది ఆగింది, ఎవరి సాయం కావాలి. సోమవారం ఆగినవాటి గురించే మాట్లాడండి.

మనుషుల సంఖ్య కూడా ఆలోచించాల్సిందే. 12 మంది గంటన్నర కూర్చుంటే 18 పని గంటలు, అంటే ఒక మనిషికి రెండు రోజులకు పైగా పని. పైగా మనుషులు పెరిగేకొద్దీ ఒకరితో ఒకరికి మాట కలవాల్సిన జతలూ పెరుగుతాయి: ఇద్దరేసి చొప్పున చూస్తే 12 మందిలో 66 జతలు, ఐదుగురిలో 10 మాత్రమే. ఎవరు లేకపోతే నిర్ణయం ఆగిపోతుందో వాళ్లనే పిలవండి, మిగతావారికి అదే రోజు నోట్స్ పంపండి. పిలవకపోవడం చిన్నచూపు కాదని ముందే చెప్పకపోతే మాత్రం మనసు నొచ్చుకుంటారు.

ప్రశ్న: పెద్ద ఖర్చులు పది నిమిషాల్లో పాసవుతాయి. కుర్చీలు ఎలాంటివి కొనాలన్నదానికి అరగంట పడుతుంది. ఎందుకిలా?
– ఒక అకౌంట్స్ ఉద్యోగిని

జవాబు: బ్రిటిష్ చరిత్రకారుడు నార్త్‌కోట్ పార్కిన్సన్ 1957లోనే దీన్ని ఒక ఊహా కమిటీతో చూపించారు. అందులో అణు రియాక్టర్ ఖర్చు రెండున్నర నిమిషాల్లో ఆమోదం పొందుతుంది, సైకిల్ షెడ్ మీద చర్చ 45 నిమిషాలు నడుస్తుంది. షెడ్ అందరికీ తెలిసినదే. రియాక్టర్ గురించి అడిగితే తెలియనితనం బయటపడుతుందన్న భయం.

కాబట్టి కుర్చీల్లాంటివి ఖర్చు పరిమితి చెప్పి ఒక్కరికి అప్పగించండి. పెద్ద అంశాన్ని అందరూ చురుగ్గా ఉండే మొదట్లోనే పెట్టండి. దాని గురించి రెండు పేజీల కాగితం ఇచ్చి, మొదటి 10 నిమిషాలు అందరూ మౌనంగా చదవాలి. అమెజాన్‌లో దాని వ్యవస్థాపకుడు జెఫ్ బెజోస్ 2004లో సీనియర్ల సమావేశాల్లో పవర్‌పాయింట్ ఆపించి, ఆరు పేజీల వరకు ఉండే రాతప్రతిని అక్కడే చదివే పద్ధతి తెచ్చారు. చదవకుండా వచ్చినవారు చదివినట్టు తలూపే అవసరం ఉండదు. ఆ కాగితాన్ని స్క్రీన్ మీద పెట్టి ఎవరో పైకి చదివితే మళ్లీ మొదటికొస్తుంది.

ప్రశ్న: సగం మంది ఆన్‌లైన్‌లో ఉంటారు, వాళ్లు నోరు విప్పరు. గదిలోనూ ఇద్దరే మాట్లాడతారు.
– ఒక మేనేజర్

జవాబు: ముందు రాయించండి, తర్వాత మాట్లాడించండి. అందరూ చూడగల డాక్యుమెంట్‌లో 5 నిమిషాలు తలా ఒక అభిప్రాయం రాయాలి. ఒకరు మాట్లాడుతున్నంతసేపూ మిగతావారు తమ ఆలోచన పట్టుకుని ఆగాలి, ఈలోగా అది జారిపోతుంది. రాసేటప్పుడు ఆ చిక్కు లేదు. మాట్లాడే వంతు ఆన్‌లైన్‌వారితో మొదలుపెట్టి, మీరు ఆఖరున చెప్పండి. పై అధికారి అభిప్రాయం ముందే తెలిస్తే తర్వాతివన్నీ అటే వాలతాయి. గదిలో ఒక్క మైకే ఆన్‌లో ఉంచండి. రెండు లాప్‌టాప్‌ల మైకులు, స్పీకర్లు కలిసి పనిచేస్తే ప్రతిధ్వని వచ్చి అవతలివారికి మాట వినబడదు.

ప్రశ్న: మీటింగ్ మినిట్స్ (ఏం తేలిందో రాసుకునే నోట్స్) చక్కగా రాస్తున్నాం, పనులు మాత్రం జరగవు.
– ఒక ఆఫీస్ అసిస్టెంట్

జవాబు: "టీమ్ పరిశీలిస్తుంది" అని రాసిన పనిని ఎవరూ ముట్టుకోరు. పని, ఒకే ఒక్క పేరు, తేదీ రాయండి. ఇద్దరి పేర్లు రాస్తే ఒకరు చేస్తారులే అని ఇంకొకరు ఊరుకుంటారు. చివరి 5 నిమిషాల్లో ఎవరి పని వాళ్లే తేదీతో సహా పైకి చెప్పాలి. అప్పగించామనుకున్న మనిషికి ఆ సంగతే తెలియదని కొన్నిసార్లు అప్పుడే బయటపడుతుంది. తర్వాతి మీటింగ్‌లో అయిందా, కాలేదా, కొత్త తేదీ ఏది అన్నవే అడగండి. ఎందుకు కాలేదన్నది ఆ మనిషితో విడిగా మాట్లాడండి.