బండి కబుర్లు: పగటి లైటుకు కరెంటు ఎక్కడి నుంచి?

ప్రశ్న: నమస్కారం సార్. మాది కావలి. పదేళ్లుగా చెన్నైలో, వేళచ్చేరిలో ఉంటున్నాం. నా కారు కొని నాలుగేళ్లయింది. సిగ్నల్ దగ్గర ఇంజిను తనంతట తానే ఆగి, క్లచ్ తొక్కగానే స్టార్టయ్యే రకం. మా మోడల్‌లో డీఆర్‌ఎల్ లైట్లు (పగలు కూడా వెలిగే ముందు లైట్లు) రాలేదు. అందుకని జనరల్ పాటర్స్ రోడ్డులో ఒక షాపులో పెట్టించాను. ‘మూడే తీగలు సార్, అరగంట పని’ అన్నారు. ఎర్రది బ్యాటరీ ప్లస్‌కి, నల్లది మైనస్‌కి, మూడోది పార్కింగ్ లైటుకి కలిపారు. ఇప్పుడు నెల్లూరు హైవే మీద పోతుంటే లైట్లు వాటంతటవే ఆరిపోతున్నాయి, మళ్లీ వెలుగుతున్నాయి. ఇంటికొచ్చి కారు ఆపేశాక మాత్రం పది నిమిషాల దాకా ఆరవు. వాచ్‌మన్ రోజూ పైకొచ్చి బెల్లు కొడుతున్నాడు. సంక్రాంతికి రైల్లో ఊరెళ్లి ఎనిమిదో రోజు వచ్చేసరికి బ్యాటరీ డౌన్. షాపువాళ్లు మాడ్యూల్ (లైట్లను వెలిగించి ఆర్పే నల్లడబ్బా) మార్చారు, ఐనా అదే కథ. మొత్తం పీకించేయమంటారా?

జవాబు: పీకించకండి. మాడ్యూల్ ఇంకో నాలుగుసార్లు మార్చినా ఇదే జరుగుతుంది. ఎందుకంటే అది చెడిపోలేదు, దానికి తెలిసిన పని అది చేస్తోంది.

నేను గూడూరు నుంచి వచ్చి పుదుపేటలో ఒక ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గర చేరింది 1988లో. అప్పట్లో కారు కరెంటు లెక్క చాలా తేలిక. ఇంజిను తిరుగుతుంటే 14 వోల్టుల దరిదాపు, ఆగితే పన్నెండున్నర. మీ కిట్‌లోని నల్లడబ్బా ఇప్పటికీ ఆ లెక్కనే నమ్ముకుని ఉంది. మీరు తాళం తిప్పారా లేదా అన్నది దానికి తెలిసే దారి లేదు, ఆ తీగే దానికి ఇవ్వలేదు. బ్యాటరీ 13 వోల్టులు దాటితే ‘ఇంజిను నడుస్తోంది’ అనుకుని వెలిగిస్తుంది. తగ్గితే ఆర్పేస్తుంది.

మీ కారులాంటి వాటిలో ఆల్టర్నేటర్, అంటే ఇంజినుతో తిరిగి బ్యాటరీని చార్జ్ చేసే యంత్రం, కంప్యూటరు చెప్పినట్టు వింటుంది. బ్యాటరీ నిండుగా ఉంటే ఇంజిను మీద బరువు తగ్గించి పెట్రోలు మిగల్చడానికి చార్జింగ్‌ను బాగా దించేస్తుంది. మీరు యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీసినప్పుడు, బ్రేకు వేసినప్పుడు మళ్లీ పైకి లేపుతుంది. అంటే రెడ్ హిల్స్ దాటాక నిలకడగా ఎనభైలో పోతున్నప్పుడు మీ లైట్లు ఆరాలి, టోల్ గేటు దగ్గర వేగం తగ్గిస్తే వెలగాలి. ఈసారి వెళ్లినప్పుడు గమనించండి. సిగరెట్ లైటర్ సాకెట్లో పెట్టుకునే చిన్న వోల్టు మీటర్లు దొరుకుతాయి. ఒకటి పెట్టుకుంటే ఆ అంకె లేచి పడటం, దానితో పాటు లైట్లు వెలిగి ఆరడం మీ కళ్లతోనే చూస్తారు.

ఇక వాచ్‌మన్ బాధ. చార్జవుతూ వచ్చిన బ్యాటరీ ఇంజిను ఆపగానే పన్నెండున్నరకి దిగదు. పొయ్యి మీంచి దించిన అన్నం గిన్నెలాగా కాసేపు ఆ పొంగు ఉంటుంది. అది చల్లారేదాకా డబ్బా ఇంజిను నడుస్తోందనే అనుకుంటుంది. పాపం, రాత్రిపూట ఆ వాచ్‌మన్‌కి రెండు ముక్కలు నచ్చజెప్పండి.

కాబట్టి మార్చాల్సింది కరెంటు తీసుకునే చోటు. తాళం తిప్పితే వచ్చి, ఆపితే పోయే లైను నుంచి తీసుకోవాలి. ముందు లైటు వెనక చీటీ చూడండి. 12 వోల్టులని ఉంటే డబ్బాను పూర్తిగా తప్పించి నేరుగా ఇవ్వొచ్చు. లైటుకు కావాల్సిన డ్రైవర్ (కరెంటును లైటుకు సరిపడేలా మార్చే సర్క్యూట్) కూడా డబ్బాలోనే ఉన్న రకమైతే, ఇగ్నిషన్ తీగ (తాళం సంగతి చెప్పేది) విడిగా ఉన్న నాలుగు తీగల మాడ్యూల్ అడిగి తెచ్చుకోండి.

డ్యాష్‌బోర్డు కింద ఫ్యూజు బాక్సులో టెస్ట్ లాంపు (కరెంటు ఉంటే వెలిగే చిన్న దీపం) పెట్టి, తాళం ఆపితే కరెంటు పోయే ఫ్యూజు ఒకటి వెతకాలి. ఎయిర్‌బ్యాగ్, ఏబీఎస్, ఇంజిను కంప్యూటరు ఫ్యూజుల జోలికి మాత్రం పోవద్దు. వైపరో, వెనక అద్దం డీఫాగరో అయితే నయం. దొరికిన చోట ఫ్యూజు ట్యాప్ గుచ్చాలి. ఇది పాత ఫ్యూజునీ కొత్తదాన్నీ ఒకే సందులో పక్కపక్కన కూర్చోబెట్టే చిన్న వస్తువు. సైజుల్లో మూడు నాలుగు రకాలున్నాయి, మీ ఫ్యూజు ఒకటి పీకి జేబులో వేసుకుని వెళ్లి సరిపోల్చుకోండి. దీన్ని తిరగేసి గుచ్చినా లైటు వెలుగుతుంది, కానీ కొత్త లైటు కరెంటు కూడా పాత ఫ్యూజు గుండానే పోతుంది. అందుకే ముందు ఖాళీ సందులో రెండు కాళ్లనూ టెస్ట్ లాంపుతో చూసి, కరెంటు ఉన్న కాలి వైపు ట్యాప్‌లో రెండు ఫ్యూజులకూ ఉమ్మడిగా ఉన్న కాలు వచ్చేలా పెట్టాలి. చాలా షాపుల్లో ఇది చూడరు.

రెండు లైట్లూ కలిపి 12 వాట్లయితే లాగేది ఒక్క ఆంపియరే. 3 ఆంపియర్ల ఫ్యూజు చాలు. ‘పదిది వేసేస్తాను సార్, ఎప్పటికీ పోదు’ అని కుర్రాడంటే ఆపండి. ఆ సన్నతీగ కాలి పొగ వచ్చినా పదిది కదలదు.

లైట్లకూ ఫ్యూజుకూ మధ్య ఐదు కాళ్ల రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్) ఒకటి పెట్టించండి. కాళ్ల పక్కన అంకెలుంటాయి. ఫ్యూజు నుంచి వచ్చే తీగ 30కి. లైట్లకు పోయే తీగ 87ఏకి. 86కి పార్కింగ్ లైటు తీగ, 85కి ఎర్త్. 87 ఖాళీ. పార్కింగ్ లైటు వేయగానే రిలే లాగుతుంది, 87ఏ తెగుతుంది, పగటి లైటు ఆరిపోతుంది. ఇంతే. కొన్ని కొత్త కార్లలో పార్కింగ్ బల్బుకు కరెంటు ముక్కలు ముక్కలుగా వెళ్తుంది, అప్పుడు రిలే గోడ మీద బల్లిలా టకటకమంటుంది. ఒక డయోడు, ఒక కెపాసిటర్ వేస్తే నోరు మూస్తుంది.

నల్లతీగను బ్యాటరీ మైనస్ మీద పెట్టారన్నారు కదా, అక్కడి నుంచి తీయించండి. మీ రకం కార్లలో ఆ టెర్మినల్ మీద ఒక సెన్సర్ ఉంటుంది. బ్యాటరీలోకి ఎంత వచ్చింది, ఎంత పోయిందీ అని అది లెక్క రాసుకుంటుంది. దాన్ని తప్పించి తీగ కలిపితే లెక్క తప్పుతుంది. బాడీ మీద ఒక బోల్టు దగ్గర పెయింట్ గీకి, తీగ చివర లగ్ (రింగు) వేసి బిగించి, పైన కాస్త వాసెలిన్ రాయండి.

చెన్నైలో అతుకుల సంగతి చెప్పకపోతే ఈ జవాబు పూర్తికాదు. తీగను కత్తిరించకుండా నొక్కేసే నీలం రంగు క్లిప్పులున్నాయి చూశారా, అరగంటలో పని అవ్వడానికి కారణం అవే. అవి కంపెనీ తీగలో పోగుల్ని కొన్ని కోసేస్తాయి. పోయిన ఏడాది తిరువాన్మియూర్ నుంచి ఒక కారు వచ్చింది, సముద్రానికి నాలుగు వీధుల ఇవతల ఉండేది. పార్కింగ్ లైటు ఒకవైపు పోయిందని తెచ్చారు. క్లిప్పు విప్పితే లోపల రాగి మొత్తం పచ్చగా చిలుము పట్టి, గోరుతో తాకితే పొడిలా రాలింది. టంకం వేసి, పైన వేడికి ముడుచుకునే స్లీవు తొడగండి. ఇన్సులేషన్ టేపు బానెట్ వేడికి జారిపోతుంది. నీళ్ల సంగతి వేళచ్చేరి వాళ్లకి నేను చెప్పాలా? 2015 డిసెంబరు, 2023 డిసెంబరు వరదలు రెండూ చూసినవాళ్లు. రిలే బంపర్ దగ్గర కాకుండా పైన, కాళ్లు కిందికి ఉండేలా బిగించండి. తీగ కనెక్టర్‌లోకి వెళ్లే ముందు ఒక వంపు కిందికి వేలాడాలి. నీరు ఆ వంపు దగ్గరే బొట్టుగా రాలిపోతుంది.

బ్యాటరీ డౌన్ అవడం మాత్రం నాకు ఈ లైట్ల పనిలా అనిపించడం లేదు. లెక్క చూడండి. లైట్లు నిజంగా ఆరకపోతే ఒక ఆంపియర్ చొప్పున లాగి 35 ఏహెచ్ (ఆంపియర్-గంటలు, అంటే ఒక ఆంపియర్ చొప్పున 35 గంటలు) బ్యాటరీ రెండో రోజుకే పడిపోయేది, ఎనిమిది రోజులు ఆగేది కాదు. డబ్బా ఊరికే కూర్చుని తాగేది 20 మిల్లీ ఆంపియర్లు అనుకున్నా ఎనిమిది రోజులకు నాలుగు ఏహెచ్ కూడా కాదు. మంచి బ్యాటరీ దానికి పడదు. మీది కారుతో వచ్చిన బ్యాటరీ అయితే నాలుగేళ్లు నిండాయి, ఈ ఊరి ఎండలకి అది తక్కువేం కాదు. ముందు దాన్ని లోడ్ టెస్ట్ (బరువు పెట్టి తట్టుకుంటుందో లేదో చూసే పరీక్ష) చేయించండి. బాగుందంటే అప్పుడు మైనస్ తీసి మధ్యలో మల్టీమీటర్ పెట్టి, కారు లాక్ చేసి అరగంట ఆగి చూడండి. కంప్యూటర్లన్నీ నిద్రపోవడానికి అంత టైం పడుతుంది, తొందరపడితే తప్పు అంకె వస్తుంది. 50 మిల్లీ ఆంపియర్ల లోపుంటే టెన్షన్ లేదు. మార్చాల్సి వస్తే మీ కారులాంటి స్టార్ట్-స్టాప్ కార్లకు ఇచ్చే రకమే వేయించండి, మామూలుది త్వరగా చేతులెత్తేస్తుంది.

ప్రశ్న: అన్నయ్య గారూ, మేము పెరంబూరులో ఉంటాం. డీఆర్‌ఎల్ పెట్టించుకున్నప్పటి నుంచి మా ఆయన చీకటి పడుతున్నా హెడ్‌లైటు వేయడం లేదు. ‘ముందు వెలుగుతోంది కదా’ అంటారు. మొన్న తెల్లవారుజామున తడ దగ్గర మంచులో వెనక లారీ చాలా దగ్గరకొచ్చేసింది. నాకు భయంగా ఉంది.

జవాబు: అమ్మా, నీ భయం సరైనదే. ఈ పేజీ మడిచి ఆయన కాఫీ కప్పు పక్కన పెట్టు. పగటి లైటు వెలిగినప్పుడు వెనక ఎర్ర లైట్లు వెలగవు. డ్యాష్‌బోర్డు ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది, ముందు రోడ్డు మీద తెల్లగా కాస్త మెరుపు కనబడుతుంది. నడిపేవాడికి అన్నీ వేసినట్టే ఉంటుంది. ఆ లారీ డ్రైవరుకి మాత్రం మీ కారు మంచులో బూడిదరంగు మచ్చ.

ఈ లైటు పుట్టిందే ఎదుటివాడికి కనబడటం కోసం. స్వీడన్‌లో 1977 నుంచి పగలు కూడా లైట్లు వేసుకుని నడపాలి. యూరప్‌లో కొత్త కారు మోడళ్లకు 2011 నుంచి డీఆర్‌ఎల్ తప్పనిసరి. మన దగ్గర కార్లకు ఆ నిబంధన లేదు కానీ, 2017 ఏప్రిల్ నుంచి వచ్చే టూవీలర్లకు ఇంజిను నడిస్తే హెడ్‌లైటు ఆరదు, అది నువ్వూ చూసే ఉంటావు. ఎక్కడైనా సరే, చీకటి పడ్డాక, వానలో, మంచులో పగటి లైటు హెడ్‌లైటుకు బదులు పనికిరాదు. ఆటో లైటు ఉన్న కారైనా నమ్మకండి. సెన్సర్‌కి చీకటి తెలుస్తుంది గానీ, తెల్లటి మంచు దానికి పగలులాగే కనిపిస్తుంది.

ఒక్కసారి సాయంత్రం కారును వెనక్కి పోనిచ్చి గోడకు దగ్గరగా ఆపమను. అద్దంలో గోడ మీద ఎర్ర వెలుగు పడిందేమో ఆయన్నే చూడమను. లేకపోతే స్విచ్ తిప్పాలి. ఆయనకు అదొక్కటీ చాలనుకుంటాను.

ప్రశ్న: లైట్లు బంపర్‌లో ఏ ఎత్తున బిగించాలి? మా తమ్ముడు నీలం రంగువి తెచ్చాడు, మిణుకుమిణుకుమంటాయి కూడా. పర్లేదా?

జవాబు: నీలం వద్దు, మిణుకు అసలే వద్దు. ముందు పగటి లైటు తెల్లగా, నిలకడగా ఉండాలి. పోలీసు, అంబులెన్సులా కనబడే బండిని ఎక్కడైనా ఆపుతారు, మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ బండిలో చేసే మార్పుల గురించే. తమ్ముణ్ని వాపసు ఇచ్చి రమ్మను. గాజు మీద గుండ్రంలో ఇంగ్లీషు ‘E’ అక్షరం, దగ్గర్లో ‘RL’ అని అచ్చు ఉన్నవి తెమ్మను. అంటే యూరప్ పరీక్ష దాటినవి, వెలుగు 400 నుంచి 1,200 క్యాండెలా (వెలుగు కొలత) మధ్యే ఉంటుంది, ఎదుటివాడి కళ్లు చెదరవు. నేల నుంచి 25 సెంటీమీటర్లకు తగ్గకూడదు, రెండు లైట్ల మధ్య కనీసం 60 ఉండాలి. రేడియేటర్‌కి గాలి వెళ్లే జాలి మీద మాత్రం బిగించకండి. డబుల్ టేపు ఒక్కదాని మీద వేలాడదీయకండి, మే నెల ఎండకు అది జారి ఏ పూందమల్లి రోడ్డు మీదో పడుతుంది. బ్రాకెట్ వేసి రెండు స్క్రూలు బిగించండి.